కిటికీ వెనక పిన్ని

ఉగాది సంచికకి ఏదైనా రాసిమ్మని అడిగినప్పుడు మన సంపాదకులు ముందే ఒక షరతు పెట్టారు. "ఏమైనా రాయండి గానీ కంప్యూటర్ల గురించి మాత్రం వద్దండీ, మనవాళ్ళు రోజంతా వాటితోనే కదా చస్తున్నారు" అన్నారు. నిజమే. చదివేవాళ్ళలో సగంమంది నా జాతివాళ్ళే, మిగతా సగం డాక్టర్లు. సరేనని ఒప్పుకున్నాను. తీరా కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే, మనసులో ముల్లులా ఉండిపోయిన సంగతి ఒక్కటే కనిపించింది. అది కంప్యూటరు సంగతే. షరతు తప్పినందుకు వారు నన్ను క్షమించాలి. మా అమ్మా, మా పిన్నీ కూడా ఇందులో ఉన్నారు కాబట్టి డాక్టర్లు సైతం చదవొచ్చు.

నాన్నగారు పోయాక 2019లో అమ్మ మా దగ్గరికి న్యూజెర్సీ వచ్చేసింది. ఆవిడకి నీటికాసులు. ఎదురుగా ఉన్నది కనబడుతుంది గానీ పక్కన ఉన్నది కనబడదు. గొట్టంలోంచి చూసినట్టుంటుందిరా అంటుంది. ఫోను తెర ఆవిడకి పనికిరాదు. అందుకని భోజనాల బల్ల పక్కన పాత డెస్క్‌టాప్ కంప్యూటరు ఒకటి పెట్టి, దానికి 27 అంగుళాల తెర తగిలించాను. ప్రవచనాలు వినడానికి పగలంతా అదే. రాత్రి తొమ్మిదింటికి తెనాలి నుంచి పిన్ని వీడియో పిలుపు వస్తుంది. చలికాలంలో అయితే అక్కడ పొద్దున్న ఏడున్నర. పిన్ని అప్పటికే కాఫీ తాగి, వాకిట్లో ముగ్గు వేయించి, పాలవాడితో తగూ కూడా ముగించి కూర్చుంటుంది. అమ్మ ఏ మీటా నొక్కనక్కర్లేకుండా పిలుపు దానంతటదే కలిసేట్టు అమర్చాను.

చిక్కల్లా ఒక్కటే. పిలుపు కలిసేది గానీ, ఆ కిటికీ వెళ్ళి ప్రవచనం కిటికీ వెనకాలో, అప్‌డేట్ చేసుకోమనే నోటీసు వెనకాలో దాక్కునేది. "ఒరే, చెల్లాయి గొంతు వస్తోంది గానీ మనిషి లేదురా" అని అమ్మ కేకేసేది. మనం వెళ్ళి ఒక్క క్లిక్కు కొడితే పిన్ని ప్రత్యక్షం. మనం ఇంట్లో లేకపోతే? పక్కచూపు లేని మనిషి, తెర అడుగున వరసలో చిన్న బొమ్మ వెతికి పట్టుకోగలదా?

ఇంతోటి దానికి ఒక ప్రోగ్రాం రాసి పడేద్దామనుకున్నాను. విండోస్‌లో తెర మీది ప్రతి కిటికీకీ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు చేతికొస్తే కిటికీని ముందుకు లాగొచ్చు, తెరంతా పరవొచ్చు, మూసెయ్యొచ్చు. ఈ పనులన్నీ చేసే ఫంక్షన్లు సీ భాషలో మాట్లాడతాయి. మనం వేరే భాషలో రాస్తే మధ్యలో ఒక దుబాసీ కావాలి. బైండింగ్ అంటారు దాన్ని. చెన్నపట్నంలో కుంపిణీ దొరలకీ మనవాళ్ళకీ మధ్య ఉండేవాళ్ళే, ఆ దుబాసీలు. దొర అన్నదొకటి, దుబాసీ చెప్పిందొకటి అయితే ఎవరి మీద కోపగించుకోవాలో ఎవరికీ తెలియదు. నా కథంతా ఇదే.

సీ భాష ముట్టుకుని చాలా ఏళ్ళయింది. చేతికి అలవాటైన భాష విజువల్ బేసిక్. 2000లో అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర ఒక ఇరుకు గదిలో, నలభైమందిమి ఎనిమిది కంప్యూటర్లు పంచుకుని నేర్చుకున్న విద్య. బేస్‌మెంట్లో ఎక్స్‌పీ ఉన్న పాత లాప్‌టాప్ తీసి, దుమ్ము దులిపి, దాంట్లోనే రాశాను. రెండు సెకన్లకోసారి "ఫలానా పేరున్న కిటికీ ఉందా?" అని అడగాలి. ఉంటే ముందుకి లాగాలి. అంతే. అడగడానికి ఫైండ్‌విండో అనే ఫంక్షను ఉంది. దానికి రెండు వివరాలివ్వాలి: కిటికీ ఏ తరగతిది, దాని పేరేమిటి. తరగతి ఏదైనా నాకు పరవాలేదు గనక అక్కడ ఖాళీ కొటేషన్లు పెట్టాను.

సున్నా. కిటికీ కళ్ళెదురుగా ఉంది, లేదంటోంది.

ఒక గంట జుట్టు పీక్కున్నాక (ఉన్నంతలో) గుర్తొచ్చింది. పెళ్ళి భోజనాల్లో "ఏం వడ్డించమంటారు?" అని అడిగితే "ఏదైనా సరే" అనడం వేరు, "ఏమీ వద్దు" అనడం వేరు. సీ భాషలో "ఏదైనా సరే" అనాలంటే నల్ పంపాలి, అంటే అసలు ఏ చిరునామా ఇవ్వకపోవాలి. విజువల్ బేసిక్‌లో ఖాళీ కొటేషన్లు పెడితే ఆ దుబాసీ బుద్ధిగా ఒక ఖాళీ మాటకి చిరునామా తయారుచేసి పట్టుకెళ్తాడు. అక్కడివాళ్ళు పేరే లేని తరగతి కోసం వెతికి, లేదండీ అంటారు. దీనికోసమే వీబీనల్‌స్ట్రింగ్ అని వేరే మాట ఉంది. ఇరవై ఏళ్ళ కిందట మా మాస్టారు బోర్డు మీద రాసి, రెండు గీతలు గీసి మరీ చెప్పిన ముక్క ఇది. మర్చిపోయాను.

అది దిద్దాను. ఇంకా సున్నానే. ఈసారి తప్పు నాది కాదు, అమ్మది. పిన్ని పేరుని అమ్మ తన చేత్తో తెలుగులో చెక్కించుకుంది: చెల్లాయి. కిటికీ నుదుటి మీద ఆ పేరే వస్తుంది. విజువల్ బేసిక్‌లో ఆ పేరు అతికించబోతే ఎనిమిది ప్రశ్నార్థకాలు పడ్డాయి. చూడ్డానికి మూడక్షరాల మాటకి ఎనిమిది ఎందుకయ్యా అంటే, యూనికోడ్‌లో చ, ఎత్వం, ల, పొల్లు, మళ్ళీ ల, దీర్ఘం, య, గుడి, అలా విడివిడిగా ఎనిమిది. తెలుగుకి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. గౌతమి అనే అక్షరాలతో ఎక్స్‌పీలో మన భాష కనిపించింది కూడా. కానీ విండోస్ ఫంక్షన్లలో అక్షరాలతో పనిపడేవాటికి దాదాపు అన్నిటికీ ఇద్దరు అన్నదమ్ములుంటారు. ఒకడు పాతకాలపు అక్షరాలవాడు, ఒకడు యూనికోడ్ వాడు. పాతవాడి పట్టికలో ఫ్రెంచి ఉంది, రష్యన్ ఉంది, థాయి ఉంది. తెలుగు లేదు, ఎన్నడూ లేదు. విజువల్ బేసిక్ లోపల మాటల్ని యూనికోడ్‌లోనే దాచుకుంటుంది, గుమ్మం దాటించేటప్పుడు మాత్రం పాతవాడి చేతిలో పెట్టి, తెలియని అక్షరానికల్లా ఒక ప్రశ్నార్థకం పెడుతుంది.

"అమ్మా, పిన్ని పేరు ఇంగ్లీషులో మార్చేద్దామా?" అన్నాను.

"ఎందుకురా? అది ఇంగ్లీషులో నా చెల్లెలు కాదుగా" అంది.

ఇంకేం చేస్తాను? దుబాసీని దాటేసి, పేరు బదులు ఆ పేరున్న చోటు చిరునామానే నేరుగా యూనికోడ్ వాడికి అందించాను. పేరుని మాత్రం అంకెలుగా రాయాల్సొచ్చింది: 3098, 3142, 3122, 3149, 3122, 3134, 3119, 3135. మా పిన్నికి ఆ సంగతి ఇప్పటికీ తెలియదు.

కిటికీ దొరికింది. ముందుకు రమ్మంటే రాలేదు. తెర అడుగున దాని బొమ్మ మిణుకుమిణుకుమంటూ ఊరుకుంది. విండోస్ 95లో ఏ ప్రోగ్రామైనా దూసుకొచ్చి ముందు నిలబడగలిగేది. మనం టైపు చేస్తుంటే మధ్యలో వేరే కిటికీ వచ్చి మన అక్షరాలు మింగేసేది. 98 నుంచి ఆ స్వేచ్ఛ కట్ చేశారు. వాడేమనిషి తాజాగా ముట్టుకున్న ప్రోగ్రాముకో, మరి కొన్ని షరతులకి ఒదిగినదానికో తప్ప, మిగతావాటికి మిణుకుమిణుకే గతి. ఇందులో భాష తప్పేం లేదు, ఏ భాషలో అడిగినా ఇదే జవాబు. ఆలోచిస్తే నాకు కావలసింది అది కాదు కూడా. కీబోర్డు ఆ కిటికీ చేతికివ్వక్కర్లేదు, అమ్మ టైపు చెయ్యదు. కిటికీ పైన కనబడితే చాలు. అందరికంటే పైన ఉంచమని సెట్‌విండోపోస్‌తో చెప్తే పైకొచ్చింది. పిన్ని 27 అంగుళాల మేర నవ్వింది. "ఎంత లావయ్యావే" అంది అమ్మ.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

మా అమ్మాయికి అప్పుడు పదహారేళ్ళు. నా ప్రోగ్రాం చూసి, "నాన్నా, రెండు సెకన్లకోసారి తలుపు తట్టి అడగడం ఏంటి? కిటికీ తెరుచుకున్నప్పుడు నాకు చెప్పండి అని ఒక్కసారి చెప్తే చాలదా?" అంది. చాలు. దానికి సెట్‌విన్‌ఈవెంట్‌హుక్ ఉంది. మన ఫంక్షను చిరునామా ఇచ్చి వస్తే, సంగతి జరిగినప్పుడు వాళ్ళే పిలుస్తారు. రెండు సాయంత్రాలు కూర్చుని మొత్తం పైథాన్‌లో మళ్ళీ రాసింది. పిన్ని పేరు పైథాన్‌లో తెలుగులోనే రాసింది, అంకెలూ లేవు, ప్రశ్నార్థకాలూ లేవు. తెలుగు రాయడం రాని పిల్ల, వాళ్ళ నానమ్మ దగ్గర కూర్చుని ఆ ఒక్క మాట నేర్చుకుని టైపు చేసింది. 40 గీతలు లేదు మొత్తం ప్రోగ్రాం. నాది 200.

లోపల్లోపల కొంచెం గుచ్చుకుందని ఒప్పుకుంటాను. మూడు వారాలు చక్కగా పనిచేసింది.

2022 జనవరిలో పిన్నికి గుండె ఆపరేషను అన్నారు. గుంటూరులో, మూడు నాళాలు మార్చాలి. పొద్దున్న ఏడింటికి లోపలికి తీసుకెళ్తారు, ఆరింటికి పిలుస్తానంది. ఇక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర. ఆ రోజు మంచు. నేను హైవే మీద మూడు మైళ్ళ కార్ల వరసలో ఇరుక్కున్నాను. మా ఆవిడకి ఆస్పత్రిలో డ్యూటీ. అమ్మాయి స్కూల్లో ఏదో పోటీకి వెళ్ళింది. అమ్మ ఒక్కతే ఇంట్లో.

పిలుపు కలిసింది. కిటికీ ముందుకు రాలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ అదే కుర్చీలో కూర్చుని ఉంది. తెర మీద ప్రవచనం సాగుతోంది, గొంతు మాత్రం నొక్కేసి ఉంది. "మాట్లాడింది. 'అక్కా, ఎటు చూస్తున్నావే, ఇటు చూడు, ఇటు చూడవే' అంటూనే ఉంది. ఎటురా? నాకు కనబడితేగా. మూడు నిమిషాలు అలా అని, ఇంక వాళ్ళొచ్చారే, వెళ్తున్నా అంది" అని చెప్పి లేచి దేవుడి గూట్లో దీపం వెలిగించుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు.

నేను అన్నాను, అమ్మాయిని. "ఆటబొమ్మ భాషలో రాస్తే ఇలాగే ఏడుస్తుంది. నాది ఉంచి ఉంటే ఈపాటికి..." అని. అది నా మొహం చూసి, ఏమీ అనకుండా మేడమీదికి వెళ్ళిపోయింది.

ఆపరేషను ఆరు గంటలు పట్టింది. ఆ ఆరు గంటలూ నేను ఆ కంప్యూటరు ముందే కూర్చున్నాను. ఇంకేం చెయ్యను, నాకు చేతనైన పని అదొక్కటే. ఈవెంట్ లాగులో చూస్తే పైథాన్ కూలిపోయినట్టుంది, యాక్సెస్ వయొలేషన్ అని. అంటే తనది కాని చోటులో కాలు పెట్టిందన్నమాట. మళ్ళీ నడిపి, నా ఫోనులోంచి పరీక్ష పిలుపు చేస్తే కిటికీ ముందుకొచ్చింది. రెండోసారీ వచ్చింది. మూడోసారి ప్రోగ్రాం చప్పుడు లేకుండా చచ్చిపోయింది. ఒకసారి పలికి, ఒకసారి పలకని తప్పు కంటే దుర్మార్గం ఇంకోటి లేదు.

మొదట దుబాసీ ఒప్పందాన్ని అనుమానించాను. 32 బిట్ల రోజుల్లో ఇదొక పెద్ద తగూ. భోజనాలయ్యాక విస్తళ్ళు తియ్యాల్సింది తిన్నవాళ్ళా, పెట్టినవాళ్ళా? మామూలు సీ ఫంక్షన్లది ఒక ఆచారం, విండోస్ ఫంక్షన్లది ఇంకో ఆచారం. పొరపాటున ఇద్దరూ తీసినా, ఇద్దరూ తియ్యకపోయినా ప్రోగ్రాం కూలుతుంది. కానీ 64 బిట్లలో ఒకటే ఆచారం, ఆ తగూ లేదు. ఆ తర్వాత చిరునామాల పొడవు చూశాను. పైథాన్ దుబాసీకి మనం విడమరిచి చెప్పకపోతే, వచ్చిన జవాబు 32 బిట్లే అనుకుని పై సగం కత్తిరించేస్తాడు. మా అమ్మాయి ప్రతి ఫంక్షనుకీ కొలతలు సరిగ్గా రాసింది. తెల్లవారుజామున రెండింటికి తెనాలి తమ్ముడు ఫోను చేశాడు, బయటికి తీసుకొచ్చారన్నయ్యా, బానే ఉందన్నారు అని. అమ్మని లేపి చెప్పాను. నిద్రపోతే కదా లేపడానికి.

తప్పు మాత్రం దొరకలేదు. పొద్దున్నే అమ్మాయి కిందకి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. నన్ను జరగమని, ప్రోగ్రాము మార్పుల చిట్టా తెరిచింది. అది ప్రతి మార్పుకీ తేదీ, పేరూ దాచిపెట్టుకుంటుందట.

"ఆదివారం రాత్రి 11:40కి ఇది మార్చింది ఎవరు నాన్నా?"

నేనే. అమ్మ పడుకున్నాక, పిల్ల రాసింది కదా, కాస్త సర్దుదామని కూర్చున్నాను. దాని ప్రోగ్రాంలో ఆ పిలవాల్సిన ఫంక్షనుకి పెట్టిన పేరు అన్నిటికీ బయట, నడివీధిలో ఉంది. మాకు నేర్పిన శాస్త్రం ప్రకారం అది అశుద్ధం. దాన్ని తీసి ఒక ఫంక్షను లోపల చక్కగా సర్దాను. గర్వంగా కూడా అనిపించింది.

సీ భాషలో అయితే అలా సర్దినా ఏమీ కాదు. అక్కడ ఫంక్షను అంటే కట్టిన ఇల్లు, ప్రోగ్రాం ఉన్నంతకాలం అదే చిరునామాలో ఉంటుంది. పైథాన్‌లో అలా కాదు. విండోస్‌కి ఇవ్వడానికి దుబాసీ అప్పటికప్పుడు ఒక గుడారం వేసి, దాని చిరునామా ఇస్తాడు. పైథాన్ వైపు ఎవరో ఒకరు ఆ గుడారాన్ని పేరుతో తలుచుకుంటున్నంతసేపే అది ఉంటుంది. నేను పేరుని లోపల సర్దాను గనక, ఆ లోపలి పని ముగియగానే పేరు పోయింది, పేరుతో గుడారమూ పోయింది. విండోస్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. దాని దగ్గర చిరునామా భద్రంగా ఉంది. ఆ జాగాలో వేరేవాళ్ళు కాపురం పెట్టేదాకా తట్టితే పలికినట్టే ఉంటుంది, అందుకే రెండుసార్లు పలికింది. పైథాన్ వాళ్ళ పుస్తకంలో ఈ హెచ్చరిక స్పష్టంగా రాసే ఉంది. అంతకంటే సిగ్గుచేటు, 2006లో ఆఫీసులో సీ షార్ప్ ప్రోగ్రాముకి ఇదే రోగం వస్తే కుదిర్చింది నేనే. ఆ పక్క భాష మారేసరికి పాత రోగాన్ని పోల్చుకోలేకపోయాను.

"సారీ అమ్మా" అన్నాను. "ఆటబొమ్మ" అన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నానన్నాను. "ఓకే" అంది గానీ, అమెరికాలో పుట్టిన పిల్లలు ఓకే అంటే ఏమిటో అందరికీ తెలుసు.

అమ్మకి చెప్పాలిగా. అమ్మా, అదీ, మెమరీలో, అని మొదలుపెట్టి నాలుగు వాక్యాలకే చిక్కుబడిపోయాను. మా అమ్మాయి తన వచ్చీరాని తెలుగులో అందుకుంది. "నానమ్మా, నేను మన ఫోన్ నంబరు కాగితం మీద రాసి గోడకి పెట్టాను. నాన్న ఇల్లు నీట్‌గా ఉండాలని ఆ కాగితం చెత్తబుట్టలో వేసేశాడు."

అమ్మకి వెంటనే అర్థమైంది. "వీళ్ళ నాన్నా అంతే. సర్దుతానంటూ కూర్చుని ఓసారి రేషను కార్డు చించేశాడు" అంది.

పన్నెండో రోజుకి పిన్ని మళ్ళీ తెర మీదికి వచ్చింది, చిక్కిపోయి, ఛాతీకి దిండు ఒకటి అదుముకుని. ఈసారి నేనూ, మా ఆవిడా, అమ్మాయీ ముగ్గురం వెనక నిలబడ్డాం, కిటికీ రాకపోతే లాగడానికి. అది దానంతటదే వచ్చింది.

"ఆ రోజు ఎటు చూశావే అక్కా? ఎంత పిలిచినా ఇటు తిరగవు" అంది పిన్ని.

"నీ గొంతు ఎటొస్తే అటే చూశానే" అంది అమ్మ.

ఆ కంప్యూటరు స్పీకరు బల్లకి ఎడమ పక్క, గోడ దగ్గర అరలో ఉంటుంది. ఆ రాత్రే దాన్ని తీసి తెర కింద పెట్టాను.